చర్మం మీద పొలుసు, లివర్‌లో కొవ్వు

స్కానింగ్ రిపోర్టులో 'ఫ్యాటీ లివర్' అన్న రెండు మాటలు కనబడగానే మన ఇళ్లలో చాలామందికి కలిగే మొదటి అనుమానం ఒక్కటే: 'ఇది తాగేవాళ్లకు వచ్చే జబ్బు కదా!' జీవితంలో ఒక్క చుక్క ముట్టని మనిషి కూడా ఆ రిపోర్టును అల్మారాలో బట్టల కింద దాచేస్తాడు. భార్యకు చూపించడు, అత్తింటివాళ్లకు అసలే తెలియనివ్వడు. డాక్టరు మళ్లీ రమ్మన్న తేదీ దాటిపోతుంది.

సోరియాసిస్ ఉన్నవాళ్లకు ఇంకో రకం అనుమానం ఎదురవుతుంది. మోచేతుల మీద, మోకాళ్ల మీద, నెత్తి మీద ఎర్రటి మచ్చలు, వాటిపైన తెల్లటి పొలుసులు. అంటుకుంటుందేమోనని చూసినవాళ్లు పక్కకు జరుగుతారు. దావత్‌లో ఒకే పళ్లెం దగ్గర కూర్చోవలసి వస్తే లేచి వేరే చోటికి పోతారు. నమాజు వరుసలో భుజానికి భుజం ఆనించి నిలబడవలసిన చోట అర అడుగు ఖాళీ వదులుతారు. ఆడపిల్లకైతే సంబంధాలే ఆగిపోతాయి. సోరియాసిస్ అంటువ్యాధి కాదు. ముట్టుకుంటే రాదు, ఒకే తువ్వాలు వాడితే రాదు, ఒకే పళ్లెంలో తింటే రాదు.

ఈ రెండు జబ్బులూ ఒకే మనిషిలో కలిసి కనబడటం కాకతాళీయం కాదని గత ఇరవై ఏళ్ల పరిశోధనలు చెబుతున్నాయి. వైద్య సహాయానికి విరాళాలిచ్చే సోదర సోదరీమణులకు ఈ సంగతి తెలియడం అవసరం. ఎందుకంటే మన దగ్గరికి సాయం కోసం వచ్చే సోరియాసిస్ రోగి చూపించేది చర్మాన్ని మాత్రమే. లివర్ నొప్పి పెట్టదు, దురద పెట్టదు, కంటికి కనబడదు. చర్మానికి డబ్బిచ్చి లివర్‌ను వదిలేస్తే సాయం సగమే అందినట్టు. ఒక్కోసారి ఆ సగం సాయమే కీడు చేస్తుంది కూడా. ఆ సంగతి మందుల దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ముందు ఆ తాగుడు అనుమానం సంగతి చూద్దాం. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో యూర్గెన్ లుడ్విగ్ అనే డాక్టరు, ఆయన సహచరులు 20 మంది రోగుల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్ల లివర్ ముక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే అచ్చం తాగుబోతు లివర్ లాగే ఉంది. కానీ వాళ్లు తాగేవాళ్లు కారు. ఎక్కువమంది కాస్త లావుగా ఉన్నవాళ్లు, పలువురికి షుగరు ఉంది. అప్పటిదాకా ఈ జబ్బుకు పేరే లేదు. లుడ్విగ్ బృందం 'నాన్ ఆల్కహాలిక్' అన్న మాట చేర్చి ఒక పేరు పెట్టింది. తాగుడు కాదని చెప్పడానికే ఆ పేరు పెట్టినా అందులో 'ఆల్కహాల్' అన్న మాట అతుక్కుని ఉండిపోయింది, దాంతోపాటు అనుమానమూ ఉండిపోయింది. చివరికి 2023లో ప్రపంచంలోని లివర్ వైద్య సంఘాలు కలిసి పేరే మార్చేశాయి. ఇప్పుడు దీన్ని ఎంఏఎస్‌ఎల్‌డీ అంటున్నారు. శరీరం చక్కెరను, కొవ్వును సంబాళించుకునే పద్ధతి చెడినందువల్ల లివర్‌లో కొవ్వు చేరడం అని దాని అర్థం. పాత పేరు రోగులకు అవమానకరంగా ఉందన్నది పేరు మార్చడానికి చెప్పిన కారణాల్లో ఒకటి. మన బస్తీల్లో ఆ అవమానం ఎంతటిదో వేరే చెప్పనక్కర్లేదు.

ఇది మనకు దూరపు జబ్బేమీ కాదు. మన దేశంలో జరిగిన సర్వేలన్నిటినీ కలిపి 2022లో లెక్క వేస్తే పెద్దవాళ్లలో దాదాపు 38 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఉన్నట్టు తేలింది. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో అది 84 శాతం. కుర్చీలో కూర్చుని చేసే పని, వేళకాని తిండి, చాలని నిద్ర వాళ్లకు మాత్రమే సొంతం కాదు. రోజంతా కుట్టు మిషన్ ముందు కూర్చునే దర్జీ, రాత్రి పదకొండింటి దాకా కౌంటర్‌లో ఉండే దుకాణందారు, తిన్న తిండి అరగకముందే మళ్లీ స్టీరింగ్ పట్టే డ్రైవరు కూడా ఆ దారిలోనే ఉన్నారు.

సోరియాసిస్ ఉన్నవాళ్లలో ఈ కొవ్వు ఇంకా ఎక్కువ. ఇటలీలోని వెరోనాలో 130 మంది సోరియాసిస్ రోగులను, అదే వయసు, అదే స్థాయి బరువు ఉన్న 260 మంది ఇతరులను పోల్చి చూశారు. 2009లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం సోరియాసిస్ ఉన్నవాళ్లలో 47 శాతం మందికి, లేనివాళ్లలో 28 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉంది. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో 55 ఏళ్లు దాటినవాళ్లను చూస్తే ఈ అంకెలు 46, 33. ఇలాంటి అధ్యయనాలు ఇంకా చాలా వచ్చాయి. అన్నీ కలిపి చూస్తే ముప్పు సుమారు రెండింతలు. చర్మం మీద జబ్బు ఎంత ఎక్కువ మేర వ్యాపిస్తే లివర్‌లో కొవ్వు ఉండే అవకాశం అంత ఎక్కువ. లావుగా ఉన్నవాళ్లకు రెండూ వస్తాయి కాబట్టి ఇదంతా బరువు వల్లేనని కొందరు వాదించారు. వెరోనాలో బరువును సమానం చేసి చూసినా తేడా అలాగే ఉంది. బరువు పెద్ద కారణమే, కానీ ఒక్కటే కారణం కాదు.

మరి చర్మానికీ లివర్‌కూ మధ్య దారి ఎక్కడుంది?

మన చర్మంలో కింది పొరలో పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. సోరియాసిస్‌లో అది మూడు నుంచి ఐదు రోజుల్లో అయిపోతుంది. పక్వానికి రాని కణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, అవే పొలుసులు. ఈ తొందర చర్మానికి దానంతట అది పుట్టింది కాదు. శరీరాన్ని కాపాడవలసిన తెల్లరక్తకణాల్లో కొన్ని, శత్రువు లేకపోయినా దండోరా వేస్తూ ఉంటాయి. ఆ దండోరా మాటల్ని డాక్టర్లు టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-17, ఇంటర్‌ల్యూకిన్-23 అని పిలుస్తారు. దండోరా ఒక్క వీధిలో ఆగదు కదా. రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. అందుకే సోరియాసిస్ ఉన్నవాళ్లలో కొందరికి కీళ్లు వాస్తాయి, గుండెజబ్బు ముప్పూ పెరుగుతుంది.

ఇక పొట్ట కొవ్వు. దీన్ని మనం ఊరికే నిల్వ ఉన్న సరుకు అనుకుంటాం. నిజానికి పొట్టలో పేగుల చుట్టూ చేరిన కొవ్వు కూడా టీఎన్‌ఎఫ్ లాంటి అవే పదార్థాలను తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. మంటను తగ్గించే అడిపోనెక్టిన్ అనే మంచి పదార్థాన్ని మాత్రం తక్కువ చేస్తుంది. అంటే ఒక దండోరా చర్మం నుంచి, ఇంకొకటి పొట్ట నుంచి. ఈ రొదలో ఇన్సులిన్ చెప్పే మాట కణాలకు సరిగా వినపడదు. దాన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటారు. ఇన్సులిన్ అదుపు తప్పితే కొవ్వు కణాలు తమలోని కొవ్వును రక్తంలోకి వదిలేస్తాయి. అది లివర్‌కు చేరుతుంది. లివర్ పట్టినంత పట్టుకుంటుంది. అందులో 5 శాతం దాటి కణాల్లో కొవ్వు చేరితే ఫ్యాటీ లివర్ అన్నమాట. అక్కడితో ఆగితే ఫర్వాలేదు. కొందరిలో ఆ కొవ్వు కణాలను గాయపరుస్తుంది, గాయం మానేచోట మచ్చ కడుతుంది, మచ్చ మీద మచ్చ పడి లివర్ గట్టిపడుతుంది. గట్టిపడటం చివరి మెట్టుకు చేరితే సిర్రోసిస్. వాచిన లివర్ కూడా తన వంతు మంట పదార్థాలను రక్తంలోకి పంపుతుంది కాబట్టి, చర్మం మళ్లీ రేగుతుంది. ఏది ముందు, ఏది వెనక అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. రోగికి దానితో పని లేదు. రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయన్నది తెలిస్తే చాలు.

చంకల్లో, తొడల సందుల్లో పదే పదే గడ్డలు లేచి చీము కారే జబ్బు ఒకటుంది, హైడ్రాడినైటిస్ అంటారు. సిగ్గుతో దాన్ని ఎవరికీ చూపించరు. దాంట్లో కూడా ఇదే సంబంధం కనబడుతోంది. మెడ వెనుక చర్మం మందంగా నల్లబడటం మంట జబ్బు కాదు గానీ, ఇన్సులిన్ రెసిస్టెన్స్‌కు అది బయటి గుర్తు. మురికి అనుకుని పిల్లల మెడను పీచుతో రుద్దే తల్లులకు ఈ మాట చేరాలి.

పరీక్షలు ఖరీదైనవి కావు. నడుము చుట్టూ టేపు పెట్టండి. మన దేశంలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ఆలోచించవలసిందే. చూడటానికి సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన వాళ్లు మనలో ఎక్కువ. వాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. స్కానింగ్‌లో కొవ్వు బాగా పేరుకుంటేనే కనబడుతుంది, కొద్దిగా ఉంటే తప్పించుకోగలదు. లివర్ పరీక్షలో ఎంజైములు మామూలుగా ఉన్నంతమాత్రాన లివర్ బాగున్నట్టు కూడా కాదు. అసలు తెలుసుకోవలసింది కొవ్వు ఉందా అన్నది కాదు, మచ్చ కట్టిందా అన్నది. దానికి ఫిబ్-4 అనే లెక్క ఉంది. వయసును ఏఎస్‌టీతో గుణించాలి. ప్లేట్‌లెట్ల సంఖ్యను వేలల్లో తీసుకుని ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. ఉదాహరణకు 46 ఏళ్ల మనిషికి ఏఎస్‌టీ 52, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు 1,80,000 అనుకోండి. 46ను 52తో గుణిస్తే 2392. 64 వర్గమూలం 8, దాన్ని 180తో గుణిస్తే 1440. భాగిస్తే 1.66. ఈ అంకె 1.3 లోపు ఉంటే పెద్ద మచ్చ లేదని చాలావరకు ధైర్యంగా ఉండవచ్చు. 1.3 దాటింది కాబట్టి ఈ మనిషిని ఫైబ్రోస్కాన్‌కు పంపాలి. 65 ఏళ్లు దాటినవాళ్లకు హద్దు 2. ముప్పై అయిదు లోపు వాళ్లకు ఈ లెక్క అంత నమ్మదగింది కాదు. కొన్ని వందల రూపాయల రక్తపరీక్షతో, ఒక కాగితం మీద వేసుకోగల లెక్క ఇది. అయినా మన దగ్గరికి వచ్చే ఫైళ్లలో ఈ లెక్క వేసినది అరుదుగా కనబడుతుంది.

ఇప్పుడు మందుల దగ్గరికి వద్దాం. సోరియాసిస్ ఒళ్లంతా వ్యాపించినప్పుడు పేదవాళ్లకు అందుబాటులో ఉన్న గట్టి మందు మెథోట్రెక్సేట్. దీని పుట్టుకలో మన తెలుగువాడి చెయ్యి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. ఆ ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు తిరిగే మందులను, అమినోప్టెరిన్‌ను, ఆ తరువాత మెథోట్రెక్సేట్‌ను కూడా. మొదట వాటిని పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడారు. 1951లో కీళ్లవాతం రోగులకు అమినోప్టెరిన్ ఇచ్చి చూస్తుంటే, వాళ్లలో సోరియాసిస్ ఉన్నవాళ్ల చర్మం తేటపడింది. అలా చర్మవైద్యంలోకి ఈ మందుల కుటుంబం వచ్చింది. 1948లోనే కన్నుమూసిన సుబ్బారావు దాన్ని చూడలేదు. ఈనాటికీ డాక్టర్లు మెథోట్రెక్సేట్ రాసినప్పుడు పక్కనే ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. విషమూ విరుగుడూ అన్నట్టు రెండూ ఒకే ప్రయోగశాల నుంచి వచ్చినవే.

ఈ మందు లివర్ మీద భారం వేయగలదు. ఎవరి మీద? షుగరు ఉన్నవాళ్లు, లావుగా ఉన్నవాళ్లు, తాగేవాళ్లు, అప్పటికే లివర్‌లో కొవ్వు ఉన్నవాళ్ల మీద. ఇదివరకు మందు మొత్తం ఎన్ని గ్రాములు పోయిందో లెక్కపెట్టి భయపడేవారు. ఇప్పుడు తెలిసిందేమంటే, మందు కన్నా ముందే లివర్‌లో కూర్చున్న కొవ్వు దోషమే ఎక్కువ. సోరియాసిస్ రోగుల్లో సగానికి దగ్గరగా ఫ్యాటీ లివర్ ఉండగా, లివర్ చూడకుండా మెథోట్రెక్సేట్‌కు నెలనెలా డబ్బు కట్టడం గురించి మొదట్లో నేనన్న మాట ఇదే. అలాగని మందు ఆపేయమని కాదు. మొదలుపెట్టేముందు లివర్ పరీక్ష, రక్త కణాల లెక్క, ఫిబ్-4 చూడాలి. మొదలుపెట్టాక మొదట్లో కొన్ని వారాలకొకసారి, తరువాత రెండు మూడు నెలలకొకసారి రక్తపరీక్ష చేయించాలి. గర్భం దాల్చే ఆలోచన ఉన్న స్త్రీలకు ఈ మందు అసలే కూడదు.

ఇంకో ప్రమాదం ఇంతకన్నా దారుణమైనది. మెథోట్రెక్సేట్ సోరియాసిస్‌కు వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. చదువురాని రోగికి, లేదా హడావుడిలో ఉన్న దుకాణంవాడికి ఆ సంగతి తప్పితే రోజూ మింగేస్తారు. కొద్ది రోజుల్లోనే నోరు పుండ్లు పడుతుంది, రక్త కణాలు పడిపోతాయి, ప్రాణమే పోవచ్చు. చీటీ మీద 'జుమా రోజు మాత్రమే' అని ఉర్దూలోనూ తెలుగులోనూ రాసి, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి పంపాలి. ఒకేసారి మూడు నెలల మాత్రలు చేతిలో పెట్టడం కన్నా నెలకు నాలుగు మోతాదులే ఇవ్వడం క్షేమం.

బయోలాజిక్స్ అనే ఇంజెక్షన్లు ఇందాక చెప్పిన దండోరానే నేరుగా ఆపుతాయి. చర్మానికి బాగా పనిచేస్తాయి. అడాలిముమాబ్‌కు 2014లో మన దేశంలోనే చవకైన రూపం వచ్చినా సామాన్యుడికి ఇంకా అందని ధరే. వాటికి ముందు టీబీ పరీక్ష తప్పనిసరి. ఫ్యాటీ లివర్‌కు అవి మందు కావు.

మధ్యలో మోసపోయే దారులు రెండున్నాయి. ఒకటి స్టెరాయిడ్. ఒళ్లంతా పొలుసులున్నవాడికి స్టెరాయిడ్ మాత్రలిస్తే వారంలో తేటపడుతుంది, ఆ డాక్టరు దేవుడిలా కనబడతాడు. ఆపగానే రెట్టింపుగా తిరగబెడుతుంది, కొందరికి ఒళ్లంతా చీము పొక్కులు లేస్తాయి. అదే మాత్ర షుగరును, పొట్టను, లివర్ కొవ్వును కూడా పెంచుతుంది. రెండోది 'మూలికలు కదా, నష్టమేముంది' అన్న ధీమా. తిప్పతీగ కషాయం విపరీతంగా వాడిన కొందరికి లివర్ దెబ్బతిన్నట్టు ముంబయి వైద్యులు 2021లో రాశారు. పేరు చెప్పని పొడులైతే ఏ లోహం కలిసిందో తెలియదు.

రెండు జబ్బులకూ ఒకేసారి పనికొచ్చేది బరువు తగ్గడం. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గితే లివర్‌లో కొవ్వు కరగడం మొదలవుతుంది. క్యూబాలో 293 మందితో ఏడాదిపాటు తిండి, నడక మార్పించి చూశారు. బరువులో పదో వంతు తగ్గినవాళ్లలో 90 శాతం మందికి లివర్ మంట పోయింది, 45 శాతం మందికి మచ్చ కూడా తగ్గింది. అయితే అంత తగ్గగలిగినవాళ్లు పదిమందిలో ఒకరే. ఇటలీలో 303 మంది బరువైన సోరియాసిస్ రోగుల్లో కొందరికి 20 వారాలు ఆహారం, వ్యాయామం దగ్గరుండి మార్పించారు, మిగిలినవాళ్లకు సలహా మాత్రం ఇచ్చారు. చర్మం తీవ్రత మొదటివాళ్లకు 48 శాతం, రెండోవాళ్లకు 25 శాతం తగ్గింది. దగ్గరుండి చూడటానికీ చెప్పి వదిలేయడానికీ ఉన్న తేడా అది.

రంజాన్ గురించి తరచూ అడుగుతారు. ఉపవాసాలున్న 108 మంది సోరియాసిస్ రోగులను పరిశీలించి 2019లో ఇటలీ పరిశోధకులు జబ్బు సగటున కొద్దిగా తగ్గిందని చెప్పారు. సంతోషించవలసిన విషయమే. కానీ ఇఫ్తార్‌లో సమోసాలు, మిర్చిబజ్జీలు, రంగు షర్బత్, ఆపైన హలీమ్, డబల్ కా మీఠాతో నెల ముగిసేసరికి బరువు పెరిగినవాళ్లు మనలో ఎందరో. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు రోజా మొదలుపెట్టేముందు డాక్టరుతో వేళలు మార్పించుకోవాలి. తీపి చాయ్‌ను రోజుకు ఆరు కప్పుల నుంచి రెండుకు దింపితే, కూల్‌డ్రింకు మానేస్తే, రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె తింటే పేదింట్లో కూడా సాగే మార్పులే. నడకకు ఖర్చు లేదు.

దాతలకు ఒక విన్నపం. మనకు వైద్య శిబిరాలంటే ఇష్టం. ఒక్కరోజులో మూడువందల మందిని చూసి, పూతమందు ట్యూబులు పంచి, ఫోటోలు తీసుకుంటాం. సోరియాసిస్ బతికినంతకాలం ఉండే జబ్బు, ఫ్యాటీ లివర్ పదేళ్లు నిశ్శబ్దంగా ముదిరే జబ్బు. ట్యూబు పది రోజుల్లో అయిపోతుంది. అదే డబ్బుతో తక్కువమందిని ఎంచుకుని, ఒక్కొక్కరికి మొదటి రక్తపరీక్షలు, అవసరమైనవాళ్లకు ఫైబ్రోస్కాన్, ఏడాది పొడవునా మందు, మూడు నెలలకొకసారి తిరుగు పరీక్ష కట్టివ్వడం మేలని నా అభిప్రాయం. ఫోటోకు ఏమీ ఉండదు, ఒక ఫైలు మాత్రం ఉంటుంది. ఫ్యాటీ లివర్‌ను 2021లో కేంద్ర ప్రభుత్వం తన దీర్ఘకాలిక జబ్బుల కార్యక్రమంలో చేర్చింది కాబట్టి బీపీ, షుగరు చూసే సర్కారు క్లినిక్కుల్లో కూడా దీని గురించి అడగవచ్చు. మనం తోడు పంపితే రోగి వెళతాడు, ఒంటరిగా వెళ్లడు.

శిబిరం పెట్టినా సరే, బల్ల మీద బరువు తూచే యంత్రం, ఇంచి టేపు ఉంచండి. ఆడవాళ్ల నడుము కొలవడానికి పరదా వెనుక ఒక సోదరి ఉండాలి. ఫ్యాటీ లివర్ అని తేలినవాళ్లకు రిపోర్టు ఇచ్చేటప్పుడు, ఇది తాగుడు వల్ల వచ్చింది కాదన్న మాటను రోగికి ఒక్కడికే కాదు, వెంట వచ్చిన మామగారికి కూడా వినబడేలా చెప్పండి.